రోగాలు జట్టుగా వస్తాయి, అలవాట్లూ జట్టుగానే మారాలి

"హకీం సాబ్, షుగర్‌కు ఒక మంచి పొడి ఇవ్వండి."

కాశీపూర్‌లో నా దవాఖానా మెట్లెక్కేవారిలో సగం మంది మొదటి మాట ఇదే. కూర్చుని గ్లాసెడు నీళ్లు తాగాక మిగతావి ఒక్కొక్కటే బయటికి వస్తాయి. బీపీ మాత్ర కూడా వేసుకుంటున్నారు. మోకాళ్లు నొప్పి. రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టదు. ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. ఈ చివరి సంగతి చాలామంది తమంతట తాము చెప్పరు, పక్కన కూర్చున్న భార్యో కూతురో చెప్పాలి. ఒక్కో బాధకు ఒక్కో మందు అడుగుతారే గాని, ఇవన్నీ ఒకే మనిషిలో ఎందుకు కలిసి కాపురం పెట్టాయని అడిగేవారు తక్కువ.

అరవై దాటిన ఈ వయసులో ఒప్పుకోవలసింది ఒకటుంది. ఒక రోగి విషయంలో ఆ ప్రశ్న నేనూ ఏడాదిపాటు అడగలేదు.

ఆయన వయసు యాభై నాలుగు. పేరు, ఊరు వద్దు. కొండ కింద సంత జరిగే ఒక ఊళ్లో బట్టల కొట్టు. తాతగారు బొబ్బిలి వైపు నుంచి బట్టల మూట భుజాన వేసుకుని సంత సంతకూ నడిచి వచ్చిన మనిషి. అప్పటికి ఈ వైపు కొండల్లో చాలా భాగం విశాఖపట్నం జిల్లాలోదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాకే మధ్యలో హద్దు పడింది. తండ్రి సైకిల్ మీద తిరిగాడు. ఈయనకు సొంత ఇల్లు, సొంత కొట్టు, ఇంటి నుంచి కొట్టుకు వెళ్లడానికి బండి. మూడు తరాల్లో కుటుంబం స్థిరపడింది, అల్హమ్దులిల్లాహ్. కుటుంబంతోపాటు కాళ్లు కూడా స్థిరపడిపోయాయి.

ఎనిమిదేళ్లుగా షుగర్, నాలుగేళ్లుగా బీపీ. రాయగడలో డాక్టరు రాసిన మాత్రలు వేసుకునేవారు. నా దగ్గరకు వచ్చింది కడుపులో మంటకు, నిద్రలేమికి. మంటకు ఒక సఫూఫ్ ఇచ్చాను, నిద్రకు తలకు మర్దనా చేసుకోమని రోగనె లబూబె సబా ఇచ్చాను. తగ్గలేదంటే మందు మార్చాను. మళ్లీ తగ్గలేదంటే మళ్లీ మార్చాను. ఇలా ఏడాది గడిచింది.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య ఒక్కరే వచ్చారు. "భాయ్ సాబ్, నేను మందు కోసం రాలేదు" అని గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "పెద్దోడు భార్యాపిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వెళ్లిపోయినప్పటి నుంచి ఈయన మునుపటి మనిషి కాదు. పదింటికి కొట్టు కట్టేస్తారు, పదకొండుకు తింటారు, ఒంటిగంట దాకా చేతిలో ఫోను. పొద్దున్న లేస్తే టీ, టీ వెనక టీ, నోట్లో జర్దా. మొన్న బీరువా తాళాలు, కొట్టు కాగితాలు నా చేతిలో పెట్టి ఎక్కడ ఏముందో చూపించారు. ఎందుకండీ అంటే, ఊరికే అన్నారు."

ఆ 'ఊరికే' విన్నాక నా చేతులు చల్లబడ్డాయి. ఏడాదిలో ఎన్నిసార్లు ఆయన నాడి పట్టుకున్నానో! రాత్రి భోజనం ఎన్నింటికని ఒక్కసారి అడగలేదు. కొడుకు ఎలా ఉన్నాడని అడిగాను గాని, కొడుకు లేని ఇల్లు ఎలా ఉందని అడగలేదు.

ఆరు కారణాలు

యునానీ చదివినవాడికి ఇది మరీ సిగ్గుచేటు. ఎందుకంటే మేము డిప్లొమాలో మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి 'అస్బాబె సిత్తా జరూరియా'. మనిషి బతికున్నంత కాలం తప్పించుకోలేని ఆరు కారణాలని దాని అర్థం. పీల్చే గాలి. తినే తిండి, తాగే నీరు. శరీరం కదలిక, దాని విశ్రాంతి. మనసు కదలిక, దాని విశ్రాంతి. నిద్ర, మెలకువ. ఒంట్లో నిలవవలసింది నిలవడం, పోవలసింది పోవడం. జాలీనూస్ కాలం నుంచి వస్తున్న ఈ ఆలోచనను ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్'లో విస్తారంగా చర్చించారు.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది మనసును విడిగా వేరే పుస్తకంలో పెట్టకపోవడం. గమ్, గుస్సా, ఖౌఫ్ - అంటే దుఃఖం, కోపం, భయం - ఇవి కూడా గాలి, నీరు లాగే ఒంటిమీద పనిచేసేవని అదే జాబితాలో రాశారు. సౌదా పెరిగితే మాలిఖూలియా వస్తుందన్న ఆనాటి వివరణను ఇప్పటి వైద్యం అలాగే ఒప్పుకోదు, నేనూ రోగులకు అలా చెప్పను. కానీ ఆ ఆరింటినీ విడదీసి చూడకూడదన్న మాట ఇవాళ్టికీ పనికొస్తుంది.

మన బట్టల కొట్టు భాయీ సంగతే చూడండి. పదకొండుకు తిని పడుకుంటే ఛాతీలో మంట. మంటతో నిద్ర లేదు. నిద్ర లేనివాడు తెల్లారి టీ మీద, జర్దా మీద నిలబడతాడు. టీతో పాటు చక్కెర, బిస్కెట్టు. ఒళ్లు బరువుగా ఉంటుంది కనుక నడవడు. నడవకపోతే షుగర్ పెరుగుతుంది. షుగర్ పెరిగితే రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవాలి, మళ్లీ నిద్ర పాడు. నిద్ర పాడైన మనసుకు దిగులు తొందరగా పడుతుంది, దిగులు పడ్డవాడు ఇల్లు కదలడు. ఇందులో ఏది ముందు, ఏది వెనక? గానుగ ఎద్దు ఎక్కడ బయలుదేరిందని అడిగినట్టే. నేను ఇచ్చిన సఫూఫ్ ఈ గానుగలో ఒక్కచోట మాత్రమే తగిలింది.

లెక్కలు ఏమంటున్నాయి

ఇదేదో పాత వైద్యుల మాట అని తీసేయకండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని అలమీడా కౌంటీలో 1965లో దాదాపు 7 వేల మంది పెద్దవాళ్లను వారి అలవాట్ల గురించి అడిగి, తర్వాత ఏళ్ల తరబడి వారి ఆరోగ్యాన్ని గమనించారు. చూసింది ఏడు అలవాట్లు: ఏడెనిమిది గంటల నిద్ర, పొగ తాగకపోవడం, మద్యం లేకపోవడం లేదా తక్కువ, వ్యాయామం, తగిన బరువు, పొద్దున్న నాష్టా, మధ్యలో చిరుతిళ్లు తినకపోవడం. 1973లో బెలాక్ లెక్క తేల్చారు. నలభై ఐదేళ్ల మగవాళ్లలో ఆరేడు అలవాట్లు ఉన్నవాళ్లకు, మూడు లేదా అంతకు తక్కువ ఉన్నవాళ్ల కంటే 11 ఏళ్ల ఆయుష్షు ఎక్కువ కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో నాష్టా, చిరుతిళ్ల బలం తగ్గింది గాని మిగతా ఐదూ నిలిచాయి. (మద్యం దగ్గర మనవాళ్లకు ఒక మార్కు ఊరికే వస్తుంది. సంతోషించి ఆగిపోకండి, జర్దా దగ్గర అది పోతుంది.)

జర్మనీలో పోట్స్‌డామ్ నగరంలో 23 వేల మందిని చూసి 2009లో ఇంకొక లెక్క ప్రకటించారు. ఎన్నడూ పొగ తాగకపోవడం, లావు లేకపోవడం, వారానికి మూడున్నర గంటల కదలిక, మంచి తిండి - ఈ నాలుగూ ఉన్నవాళ్లకు, ఏదీ లేనివాళ్లతో పోలిస్తే, షుగర్, గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్ కలిపి వచ్చే అవకాశం 78 శాతం తక్కువ. షుగర్ ఒక్కదాన్నే తీసుకుంటే 93 శాతం తక్కువ.

మరి మనసు సంగతి? బ్రిటన్‌లో 2 లక్షల 87 వేల మంది వివరాలతో చేసిన పరిశీలన 2023లో వెలువడింది. అక్కడా ఏడు అలవాట్లే. ఈసారి జాబితాలో నలుగురితో కలిసి మెలిసి ఉండడం, గంటల తరబడి కూర్చోకపోవడం కూడా ఉన్నాయి. అలవాట్లను విడివిడిగా చూస్తే మంచి నిద్ర ఉన్నవారిలో దిగులు జబ్బు, అంటే డిప్రెషన్, 22 శాతం తక్కువ. నలుగురితో కలిసి ఉండేవారిలో 18 శాతం తక్కువ. మంచి తిండి ఒక్కటే అయితే 6 శాతం. కానీ ఏడింటిలో ఐదు లేదా అంతకు పైగా ఉన్నవారిలో 57 శాతం తక్కువ! ఒక్కొక్కటి చిన్నది, జట్టు కడితే పెద్దది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇవి జనాన్ని గమనించి వేసిన లెక్కలు. దిగులు ముందే ఉన్నవాడు అలవాట్లను నిలబెట్టుకోలేకపోయి ఉండవచ్చు. కనుక మన ఇంట్లో ఎవరైనా దిగులుతో ఉంటే "నువ్వు నడవవు, అందుకే ఇలా అయ్యావు" అని దెప్పడానికి ఈ అంకెలు వాడకండి. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్ ఇతరులకంటే రెట్టింపు కనిపిస్తుందని చాలా పరిశీలనలు చెప్పాయి. దారి రెండువైపులా ఉంది.

మార్చితే నిజంగా మారుతుందా అనేవారికి చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం జవాబిచ్చింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని గుంపులుగా చేసి మూడేళ్లు చూశారు. మామూలుగా వదిలేసిన గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. నడక, తిండి మార్పు నేర్పిన గుంపులో 39 శాతం మందికే. మాత్ర ఇచ్చిన గుంపులోనూ ఇంచుమించు అంతే. 2006లో ఈ ఫలితాలు వచ్చాయి. అందరికీ ఆగిపోలేదు, అది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

మన తెలుగు పల్లెల్లో ఇదంతా ఎక్కడుందని అంటారేమో. అదే 2006లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల లెక్క బయటికి వచ్చింది. దాదాపు 1 లక్షా 80 వేల జనాభాలో ఒక ఏడాదిలో జరిగిన 1354 మరణాలకు ఇంటింటికీ వెళ్లి కారణం కనుక్కున్నారు. గుండె, రక్తనాళాల జబ్బులతో పోయినవారు 32 శాతం. అంటు రోగాలతో పోయినవారు 12 శాతమే. పల్లె గాలి, పల్లె తిండి అని మనం ధీమాగా ఉన్న రోజుల్లోనే పల్లె మారిపోయింది.

కొండ మీద, కొండ కింద

కాశీపూర్‌లో ఉంటూ ఈ మాట రాయకపోతే అన్యాయం. సంత రోజున కోంధు, జోడియా ఆడవాళ్లు చింతపండు, పసుపు, కొండ చీపుళ్ల కట్టలు నెత్తిన పెట్టుకుని కొండ దిగి నడిచి వస్తారు. చోడి అంబలి - ఇక్కడివాళ్లు మండియా జావు అంటారు - తాగి మళ్లీ కొండ ఎక్కుతారు. వాళ్లను చూపించి మన కొట్లవాళ్లు "చూశారా, వాళ్లకు ఏ షుగరూ రాదు, చోళ్లు తింటే చాలు" అంటారు.

సగమే నిజం. 2001లో ఇదే కాశీపూర్ బ్లాకులో మామిడి జీడి అంబలి తాగి మనుషులు చనిపోయిన వార్త దేశమంతా విన్నది. తినడానికి వేరే ఏమీ లేక తాగారు. 2007లో కలరా, 2022లో మళ్లీ కలరా. నడక ఉంది, చోడి ఉంది, చీకటి పడగానే నిద్ర ఉంది. మంచి నీరు, కడుపు నిండా తిండి లేకపోతే అవన్నీ ఏం చేయగలవు? అలవాట్ల గురించి ఉపదేశం చేసేవాడు వాటిని పాటించే వీలు ఎవరికుందో కూడా చూడాలి. మనకు వీలుంది. కొట్టు ఎనిమిదింటికి కట్టేస్తే మన ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

చోళ్ల గురించి కూడా ఒక మాట. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టాక వాటికి మళ్లీ గౌరవం వచ్చింది, మంచిదే. కానీ మెత్తటి పిండితో పల్చగా కాచిన జావను షుగర్ ఉన్నవారు గ్లాసులు గ్లాసులు తాగితే షుగర్ త్వరగా పెరుగుతుంది. రొట్టెగానో ముద్దగానో చేసుకుని పప్పు, ఆకుకూర ఎక్కువగా వేసుకుని తినండి. ఎండు చేప, పచ్చడి పక్కన పెట్టుకుంటే ఉప్పు గుర్తుంచుకోండి. రోజంతటికీ మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కంటే తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

పొగాకు సంగతి మాత్రం కొండ మీదా కిందా ఒకటే. 2016-17 జాతీయ సర్వేలో ఒడిశాలో పెద్దవాళ్లలో 42.9 శాతం మంది నమిలే, నోట్లో పెట్టుకునే పొగాకు వాడుతున్నట్టు తేలింది. ఖైనీ, గుట్కా, జర్దా పాన్, పళ్లు తోముకునే గుడాఖు అన్నీ ఇందులోవే. "నేను సిగరెట్ ముట్టను హకీం సాబ్" అని బుగ్గలో జర్దాతో చెప్పేవారిని రోజూ చూస్తున్నాను.

ఇల్లంతా మారితేనే

మళ్లీ మన భాయీ దగ్గరకు వద్దాం. మరునాడే నేను ఆయన ఇంటికి వెళ్లాను. మందుల సంచీ తీసుకెళ్లలేదు. గంటసేపు ఏవేవో మాట్లాడాక "చచ్చిపోవాలని అనిపిస్తోందా భాయీ?" అని నేరుగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే కలుగుతుంది. ఆయన చాలాసేపు ఏడ్చారు.

విశాఖలో మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్దామంటే ఆయన తమ్ముడు అడ్డుపడ్డాడు. "పిచ్చి డాక్టరా? ఇంట్లో పెళ్లీడు పిల్ల ఉంది, రేపు రిష్తాలు వస్తాయా?" ఈ మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు విన్నానో. "షుగర్ డాక్టరు దగ్గరకు వెళ్తే ఆగని రిష్తా దీనికి ఆగితే, ఆగనివ్వండి" అన్నాను. పెద్దావిడ, ఆ అన్నదమ్ముల అమ్మీ, లోపలి నుంచి "తీసుకుపోండి" అన్నారు. అంతే.

డాక్టరు మాత్రలు రాశారు. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుందనిపించగానే ఆపకూడదు. నేను చేసింది నా ఆరు కారణాల పని. అందులో నాకు దారి చూపించింది రంజాన్. ఒక్కసారి ఆలోచించండి. ఆ నెలలో మన ఇళ్లలో తినే వేళ, పడుకునే వేళ, లేచే వేళ, టీ, పొగాకు, నలుగురితో కూర్చోవడం అన్నీ ఒకే రోజున మారతాయి. అంత పెద్ద మార్పు ఒంటరి మనిషి వల్ల కాదు. ఇల్లంతా మారుతుంది కనుక మనిషి మారతాడు. (నూనెలో వేయించినవి, తెల్లవార్లూ మేలుకోవడం వల్ల ఆ నెలలోనే షుగర్ చెడగొట్టుకునేవారూ ఉన్నారు, అది వేరే వారం రాస్తాను.)

కనుక ఆయనకు కాదు, ఇంటికి చెప్పాను. కొట్టు ఎనిమిదిన్నరకు కట్టేయాలి. ఇషాకు ముందే అందరూ కలిసి భోజనం. ఫోన్లన్నీ రాత్రి వంటింట్లో. ఫజర్ తర్వాత తమ్ముడితో కలిసి అరగంట నడక. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు రోజూ సాయంత్రం ఒకే వేళకు మాట్లాడాలి, డబ్బు సంగతులు కాదు, మనవడిని చూపించాలి. జర్దా గురించి మొదటి నెల నేను మాట ఎత్తలేదు. నిద్ర కుదిరాక ఆయనే ఎత్తారు.

బీరువాలో ఇంకొకటి దొరికింది, ఖమీరా డబ్బా. గుండె దడకు మంచిదని ఎవరో చెబితే ఆయన నాకు చెప్పకుండా రోజూ రెండు చెంచాలు నాకుతున్నారు. ఖమీరా, మాజూన్, జవారిష్, ఇత్రీఫల్ - ఇవి చక్కెర పాకంలోనో తేనెలోనో చేసేవి. షుగర్ ఉన్నవారు అడగకుండా వాడకూడదు. దీనికి ఎదురుగా ఇంకొక ప్రమాదం ఉంది. డాక్టరు మాత్రలతో పాటు మెంతి, కాకర, పొడపత్రి పొడులు కలిపి వాడితే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే అదే. నా పొడి సంగతి డాక్టరుకు, డాక్టరు మాత్ర సంగతి నాకు చెప్పండి. నా పొడి చూసుకుని ఆ మాత్రలు మానేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

నాలుగు నెలలకు ఆయన మూడు నెలల సగటు షుగర్ 9 పైనుంచి 8 లోపుకు వచ్చింది. మంట పోయింది. తర్వాత వానలు పట్టి నెలన్నర నడక ఆగిపోయింది, జర్దా మళ్లీ మొదలైంది, మళ్లీ దిగులు తలెత్తింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు వాన రోజుల్లో కొట్టు వరండాలోనే అటూ ఇటూ నడుస్తున్నారు. ఆయన కంటే ముఖ్యమైన ఫలితం ఇంకొకటి. పనిలో పనిగా ఆయన భార్యకూ రక్తపరీక్ష చేయించాం. ఆమెకూ షుగర్ ఉంది! ఇన్నేళ్లూ ఆయన అన్నం, ఆయన మాత్ర, ఆయన నిద్ర చూసుకున్న మనిషిని ఎవరూ పరీక్షకు తీసుకెళ్లలేదు. ఇంట్లో రోజంతా పని చేస్తున్నాం కదా, నడక ఎందుకని మన ఆడవాళ్లు అంటారు. ఆ పనిలో విశ్రాంతీ లేదు, నలుగురితో కూర్చోవడమూ లేదు. ఇప్పుడు ఆమె, తోడికోడలు సాయంత్రం నడుస్తున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా తాళాలు అప్పగిస్తున్నా, "నేను లేకపోతే" అని మాట్లాడుతున్నా రేపటి దాకా ఆగకండి. వారిని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కరలేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

నా దగ్గరకు వచ్చేవారు ఇక నుంచి మందుల చీటీలతో పాటు ఒక కాగితం తీసుకురండి. వారం రోజులపాటు రాత్రి ఎన్నింటికి తిన్నారు, ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపు నడిచారు, ఎన్ని టీలు, ఎన్ని పాన్లు, ఇంటివాళ్లు కాక ఎవరితో కూర్చుని మాట్లాడారు, అంతే రాయండి. రాయడం రానివారు ఇంట్లో పిల్లల చేత రాయించండి. వీలైతే భార్యాభర్తలు ఇద్దరూ రండి. పొడి సంగతి ఆ కాగితం చదివాక చూద్దాం.